దీపపు నూనె గుణం చెప్పిన మాస్టారు

మా వీధి చివరి ఇంట్లో ఉండే సైన్సు మాస్టారు మొన్న బుధవారం పొద్దున్న కాలం చేశారు. రాజమండ్రిలో ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లు నాకంటే బాగా రాయగలరు. నేను కిరసనాయిలు కొట్టువాణ్ణి. ఆయన నాకు చెప్పింది ఒక్క పాఠమే. దానిమీదే ఇన్నేళ్లు నిలబడ్డాను.

అప్పట్లో ఆముదపు దీపాలు తగ్గి, ఊళ్లోకి కిరసనాయిలు బుడ్లు కొత్తగా వస్తున్నాయి. ఒక సాయంత్రం మా వీధి మంత్రసాని దీపం వెలిగించబోతే బుడ్డి భగ్గుమని కుడిచెయ్యి కాలింది. మర్నాడు గుడ్డ చుట్టుకున్న చేత్తో వచ్చి కొట్టు ముందు నిలబడింది.

“మీ నూనేనండి. ఈ చెయ్యి లేకపోతే నేనేం చేసుకుని బతకను?”

వత్తి సరిగ్గా ఎక్కించలేదేమో అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. అక్కడే ఉన్న మాస్టారు నా మొహం చూడకుండా, “ఒక సీసాలో ఆ నూనె ఇవ్వండి, చూద్దాం,” అన్నారు.

ఆదివారం మా ఇద్దరినీ తన అరుగుమీద కూర్చోబెట్టారు. రంగూన్ నుంచి బంధువెవరో తెచ్చిన ముడినూనె, భూమిలోంచి తోడింది తోడినట్టే, ఆయన దగ్గర ఉంది. నల్లగా, చిక్కగా, ఘాటుగా. దాన్ని పొడుగు ముక్కున్న గాజు పాత్రలో పోసి, ఇసుక పోసిన పెనం మీద పెట్టి, సన్నటి బొగ్గుల సెగ తగిలించారు.

“సారా కాచినట్టేనా అండి?” అంది మంత్రసాని.

“అదే పద్ధతమ్మా. కాకపోతే ఇందులో చాలా నూనెలు కలిసి ఉన్నాయి. తేలికవి తక్కువ వేడికే ఆవిరవుతాయి, బరువువి ఎక్కువ వేడికి. ఆ ఆవిరిని చల్లార్చి, దేనికది వేరే సీసాలో పట్టుకోవాలి.”

తడిగుడ్డ చుట్టిన గాజు ముక్కు చివర చుక్కలు పడ్డాయి. మొదట దిగింది నీళ్లలా ఉంది. దాన్ని దూరంగా తీసుకెళ్లి పళ్లెంలో వేసి, మండే పుల్ల చూపగానే మంట తనే ఎగిరి అందుకుంది. సెగ పెంచాక దిగిన నూనె మాత్రం పుల్ల దగ్గరికి తెచ్చినా అంటుకోలేదు. “దీపానికి ఇది, వత్తి పీలిస్తేనే మండుతుంది. దీని తరవాత దిగేది ఇరుసులకు. అడుగున మిగిలే తారు పడవలకు,” అన్నారు.

అప్పుడు నా నూనె తీసుకుని, వేడినీళ్ల గిన్నె మీద కాస్త వెచ్చబెట్టి పుల్ల చూపారు. భగ్గుమంది.

“నూనె కాచినవాళ్లు మొదటి చుక్కల్ని వేరు చెయ్యకుండా ఇందులోనే ఉంచేశారండి. వత్తి తప్పు కాదు.”

“తప్పు నాదేనమ్మా,” అన్నాను మంత్రసానితో.

డబ్బాలన్నీ వెనక్కి పంపేస్తానన్నాను. మాస్టారు తల అడ్డంగా ఊపారు. “ఇంకో ఊళ్లో ఇంకో చెయ్యి కాలుతుందండి.”

అమ్మిన నూనె ఇల్లిల్లూ తిరిగి తెచ్చాను. ఊరవతల ఇసుకలో అంతా పారబోసి తగలబెడుతుంటే, ఆయన ఎండలో గొడుగేసుకుని పక్కనే నిలబడ్డారు. మంత్రసాని చెయ్యి రెండు నెలలకు స్వాధీనంలోకి వచ్చింది. మా అమ్మాయికి పురుడు పోసింది ఆ చెయ్యే.

ఆనాటి నుంచి పుల్ల చూపకుండా నేను ఒక్క డబ్బా కూడా అమ్మలేదు. అయినా మాస్టారు ప్రతిసారీ తను కొన్న నూనెను ఇంటికి తీసుకెళ్లి మళ్లీ పరీక్ష చేసుకునేవారు. నేను చిన్నబుచ్చుకుంటే నవ్వేవారు. “మీమీద నమ్మకం లేక కాదండి. మీరు మంచివారని నూనెకు తెలీదుగా.”

దహనం అయ్యాక గోదావరిలో మునిగి మెట్లెక్కేసరికి పొద్దు గూకింది. అవతల కొవ్వూరు ఒడ్డున ఒక్కో ఇంట్లో దీపాలు వెలుగుతున్నాయి. తడిబట్టలతో అలాగే నిలబడిపోయాను. ఒక్కో వెలుగూ నీళ్లమీద పొడుగ్గా సాగి, మా ఒడ్డు దాకా వచ్చింది.