చిన్న దర్వాజ

తడి సిమెంటు వాసన నాకు కొత్త కాదు. కానీ పోయిన నెల ఒక సాయంత్రం, జగిత్యాలలోని మా పాత చర్చి ఆవరణలో ఆ వాసన తగలగానే కాళ్లు ఆగిపోయాయి. పక్క గోడలో చిన్న దర్వాజ ఉండే చోట కొత్త ఇటుకలు కనిపించాయి. సుగుణమ్మ టీచర్ ఎదురుగా నిలబడినట్టే నా తల వంగింది.

మా చర్చిని కరువు రోజుల్లో కట్టారని పెద్దలు చెప్పేవారు. గోడలకన్నా ముందు బావి తవ్వారట. రాళ్లు చెక్కిన మేస్త్రీలు వెనక గల్లీలోని ముస్లింలు. వాళ్లు వచ్చిపోవడానికి వదిలిన సందుకే తర్వాత తలుపు పెట్టి చిన్న దర్వాజ అన్నారు. గల్లీ ఆడవాళ్లు ఆ దారిలోనే బావి నీళ్లకు వచ్చేవారు. పరీక్షలు దగ్గరపడితే ఎవరి పిల్లలైనా మా వరండాలో కూర్చుని చదువుకునేవారు. నాకు అక్షరాలు దిద్దించిన సుగుణమ్మ టీచరే పొద్దుగూకగానే ప్రార్థన గంట కొట్టేవారు. మసీదు దూరం, అప్పటికింకా మైకు లేదు. అందుకని రంజాన్ నెలలో గల్లీవాళ్లు మా గంట విని రోజా ఉపవాసం విడిచేవారు.

రంజాన్ వానాకాలంలో వచ్చిన ఒక ఏడు, సాయంత్రం మబ్బు కమ్మి చీకటి పడింది. పొద్దుగూకిందనుకుని టీచర్ గంట కొట్టేశారు. కాసేపటికి మబ్బు విడి, పడమటి ఎండ చర్చి గోడల మీద పడింది. అప్పటికే గల్లీ అంతా ఖర్జూరం నోట్లో వేసుకుంది.

నేను అప్పుడు సిరిసిల్లలో కొత్తగా ఉద్యోగంలో చేరి, సెలవు మీద వచ్చి ఉన్నాను. "ఇయ్యాల అటు పోకుండ్రి టీచర్, తిడ్తరు" అన్నాను.

"తిట్టనీ రా. తప్పు నాది, సిగ్గు నాది. సిగ్గయితే ఇంట్ల దాసుకుంటమా? నడువు."

చిన్న దర్వాజ దాటి ఆమె ఇల్లిల్లూ తిరిగారు. వెనకాల నేను. దర్జీ ఇంటి ఫాతిమాబీ మమ్మల్ని చూసి గడపలోనే నవ్వింది.

"ఏంది టీచరమ్మా, మీ ఏసయ్యకు గంత ఆకలైందా?"

"ఆయనకు గాదు ఫాతిమా, నా కండ్లకే మబ్బు కమ్మింది. మీ అందరి రోజా ఖరాబ్ జేసిన."

"ఏం గాదు. పండుగయినంక ఒక్కటి ఎక్కువ ఉంటం, గంతే."

"అయితే గా దినం నేను గూడ ఉంట."

పండుగయ్యాక అన్నట్టే ఉన్నారు; ఆ రోజుకు నేనూ మళ్లీ సెలవు పెట్టి వచ్చాను. ఆ రోజు మంచినీళ్లు కూడా ముట్టలేదు. సాయంత్రం ఫాతిమాబీ గడపలో కూర్చుని, గంట నన్ను కొట్టమన్నారు. తాడు పట్టుకుని పడమర వైపు ఎంతసేపు చూశానో. గల్లీ ఆకలంతా నా చేతిలో ఉన్నట్టనిపించి, పొద్దు పూర్తిగా మునిగాకే తాడు లాగాను.

ఇదంతా మరునాడే డైరీలో రాసుకున్నాను. కోరుట్లలో పదవీ విరమణ చేసి తిరిగొచ్చాక సంఘంలో పెద్దనయ్యాను. గల్లీకి నల్లా నీళ్లు వచ్చి బావికి ఎవరూ రావడం లేదు, టీచర్ పోయి చాలా కాలమైంది. బయటివాళ్లు తిరుగుతున్నారు, బండ్లు పెడుతున్నారు, దర్వాజ మూసేద్దామని కొత్త సభ్యులు అన్నారు. వద్దని చెయ్యెత్తింది నేనొక్కణ్ణే.

"ఎందుకు వద్దంటున్నరు పెద్దయ్యా?" అని ఒకతను మర్యాదగానే అడిగాడు. టీచర్ సంగతి మొదలుపెట్టాను. వాళ్లలో ఎవరూ ఆమె పేరైనా వినలేదు. ఇన్నేళ్లూ పొందికగా రాసి బీరువాలో పెట్టుకున్నానే గానీ, ఒక్క ఆదివారమైనా నలుగురిని కూర్చోబెట్టి చెప్పలేదు. అది ఎందుకున్న దర్వాజో వాళ్లకు తెలిస్తే కదా!

ఇటుకలు చూశాక తలుపేసుకుని ఇంట్లో కూర్చోవాలనిపించింది. కానీ "నడువు" అన్న టీచర్ మాట ఊరుకోనివ్వలేదు. పెద్ద రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి గల్లీలోని ఖలీల్ దర్జీ దుకాణానికి వెళ్లాను. అతను ఫాతిమాబీ కొడుకు.

"ఖలీల్, దర్వాజ మూసిండ్రు. నేను ఆపలేకపోయిన."

అతను కత్తెర పక్కన పెట్టి స్టూలు జరిపాడు. "ఇటుకల సప్పుడు ఇన్న సార్. కూసోండ్రి. ఇగ తిప్పలు మీకే. గీ మోకాళ్లతోని గింత సుట్టు తిరిగి రావాలె."

నాకు నవ్వు రాలేదు. అతనే మళ్లీ మెల్లగా అన్నాడు: "మసీదుల మైకు అచ్చినంక గూడ మా అమ్మ మీ గంటకే రోజా ఇడిసేది సార్. ఎందుకే అంటే, టీచరమ్మ మల్ల తప్పు కొట్టదు అనేది."

ఇటుకల మీద సిమెంటు ఎప్పుడో ఆరిపోయింది. సిగ్గు మాత్రం అలాగే ఉంది. దాన్ని ఇంట్లో దాచుకోకుండా పట్టుకునే, మోకాళ్లు మొరాయిస్తున్నా, రోజూ గంట వేళకు చుట్టూ తిరిగి ఆ గల్లీలోని ఖలీల్ దుకాణానికి వెళ్తున్నాను.