గీత పెట్టిన బిళ్ళ

నా చిన్నప్పుడు మేం బోధన్ దగ్గర ఒక చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్లలో ఉండేవాళ్లం. మా బాపు బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. పొయ్యిలో వేసే చెరుకు పిప్పి తడిసినప్పుడు బొగ్గు వేసి ఆవిరి నిలబెట్టాలి. ఒక సీజన్లో ఆవిరి పడిపోయి ఫ్యాక్టరీ ఆగింది. చెరుకు బండ్లు వర్ని రోడ్డు పొడుగునా నిలిచిపోయాయి. బాపు నిద్రపోయాడన్నారు. వానాకాలం నుంచి బొగ్గు కుప్పలో పొగలు వస్తున్నాయని, ఆ బొగ్గులో ఇక సత్తువ లేదని బాపు ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు. సాయంత్రం సైరన్ లోపు రుజువు లేకపోతే పని లేదన్నాడు మేనేజరు.

మా పక్కింటి అక్క ఫ్యాక్టరీ ల్యాబులో ఉండేది. ఆదివారం చర్చిలో పాడే ఆ మనిషికి బొగ్గంటే పిచ్చి. బొగ్గును మైక్రోస్కోపు కింద చదివే శాస్త్రవేత్తల సంఘంలో సభ్యురాలు. ఆ సంఘంలో ఒక పద్ధతి ఉంది. బొగ్గు ముక్కలకు అంకెలు మాత్రమే వేసి సభ్యులకు పంపుతారు. ఎక్కడిదో తెలియకుండానే అది ఎలాంటి బొగ్గో చూసి చెప్పాలి. ఇక్కడా అలాగే చేస్తానని అక్క మేనేజరును ఒప్పించింది.

బొగ్గు కొత్తగా వచ్చిన రోజే స్టోర్‌లో దాచి ఉంచిన సంచిలోంచి కొంత, బాపు పొయ్యి ముందు నుంచి కొంత తెచ్చింది. పొడి చేసి, జిగురులో కలిపి, బిళ్ళలుగా పోసింది. నాలుగింటిని అద్దంలా మెరిసేదాకా అరగదీసి, ఏది ఏ బొగ్గుదో నాకు చూపించి, అంకెలు తన కంట పడకుండా బయటికి వెళ్లి నిలబడింది. మిగతావాళ్లంతా మిల్లు దగ్గర ఉండటంతో అంకెలు వేసే పని నాకు వచ్చింది. ఏ అంకె ఏ బొగ్గుదో రాసిన కాగితం కవర్లో పెట్టి మేనేజరుకు ఇవ్వాలి.

నేను అంకెలు వేశాను. బాపు బొగ్గు బిళ్ళల అంచున సూదితో చిన్న గీత కూడా పెట్టాను.

అక్క మొదటి బిళ్ళ చేతిలోకి తీసుకుని ఆగిపోయింది.

"గిక్కడ గీత ఎవరు పెట్టిండ్రు బిడ్డా?"

"నేనే అక్కా. బాపుది నీకు గుర్తువడాలె అని."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. నాలుగు బిళ్ళలూ చెత్తబుట్టలో వేసింది. "ఇగ నా కన్నును నేనే నమ్మ," అంది. అదనంగా పోసిన బిళ్ళలు ఉన్నాయి కానీ, అవి మళ్లీ అరగదీయాలి. గోడ గడియారం వైపు చూస్తూ ఏడ్చాను. బాపు పొద్దున్నుంచి ఏమీ తినకుండా గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయన పని నా చేతుల్లోనే పోతోంది.

అక్క గబగబా అరగదీసింది. వేళ్ల చర్మం లేచిపోయింది. తర్వాత బిళ్ళలు నా ముందు పెట్టి, "మళ్ల నువ్వే వెయ్యి," అని బయటికి వెళ్లింది.

ఈసారి అంకెలు తప్ప ఏమీ పెట్టలేదు.

రెండు, నాలుగు అని వేసిన బిళ్ళల నిండా పగుళ్లున్నాయని, ఆ బొగ్గు కుప్పలోనే లోలోపల కాలిపోయిందని అక్క మైక్రోస్కోపులో చూసి రాసింది. మేనేజరు కవరు విప్పి చూశాడు. ఆ రెండూ బాపు పొయ్యి ముందువే. వెంటనే గేటుకు కబురు పంపాడు. సైరన్ మోగేటప్పటికి బాపు లోపల ఉన్నాడు.

బాపు చెప్పింది మొదటి నుంచీ నిజమే. దాన్ని కాపాడబోయి నేనే మంటగలపబోయాను.

ఇప్పుడు నేనూ ఆ సంఘంలో సభ్యురాలిని. నిజామాబాద్ ఇంటికి ఏటా పోస్టులో అంకెల బిళ్ళలు వస్తాయి. మైక్రోస్కోపు కింద పెట్టే ముందు అంచు చుట్టూ వేలితో తడుముతాను. గీత ఉండదని తెలుసు. అయినా తడుముతాను. ఎన్నేళ్లయినా ఆ క్షణం నాకు అక్క గొంతు వినిపిస్తుంది: మళ్ల నువ్వే వెయ్యి.