ఈశాన్యానికి వాలు

మా ఇంటి గేటు దక్షిణానికి ఉంటుంది. అమీర్‌పేట నుంచి మధురానగర్ వైపు వెళ్లే సందుల్లో ఒకదానిలో ఆ ఇల్లు కొన్నప్పుడు ఈ సంగతి నేను పట్టించుకోలేదు. నేను చూసుకున్నది ఇంటి చుట్టూ ఉన్న కాస్త జాగానే. అందులో షాబాదు బండలు పరిచి ఉండేవి. సిమెంటు లేకుండా ఉత్త మట్టి మీద పరిచినవి. బండకీ బండకీ మధ్య వేలెడు సందు, ఆ సందుల్లో గరిక. ఎంత పెద్ద వాన పడినా అరగంటలో నేల తాగేసేది. పంజాగుట్టలో మా ఆఫీసు నుంచి తడిసి వచ్చి, తువ్వాలుతో తల తుడుచుకుంటూ, గుమ్మంలో కూర్చుని ఆ తాగడం చూసేవాణ్ని. సందుల్లోంచి చిన్న బుడగలు లేచి ఆగిపోయేవి. ఆ సాయంత్రాలు ఎన్ని గడిచాయో గానీ, ఇప్పుడు తలుచుకుంటే అన్నీ ఒకే సాయంత్రంలా అనిపిస్తాయి.

ఇంటి వెనక, ఈశాన్యం మూలన, ఒక పిండిగిర్ని ఉండేది. దాని షట్టరు వెనక సందులోకి. వెనక గోడ మాత్రం మా జాగాలోకే. గిర్ని నడిపే ఆవిడ నాకంటే పదేళ్లు పెద్ద. భర్త పోయాక ఒక్కతే నడుపుకుంటోంది. మేము కోస్తా నుంచి వచ్చినవాళ్లం, ఆవిడది మెదక్ వైపు పల్లె. నేను అక్కా అనేవాణ్ని, ఆవిడ తమ్మీ అనేది. గిర్ని గది పక్కనే ఆవిడ ఇల్లు, దానికీ మాకూ మధ్య ఛాతీ ఎత్తు ప్రహరీ. మా మాటలన్నీ దాని మీదుగానే నడిచేవి.

"తమ్మీ, ఇయ్యాల మిర్చి పడుతున్న. కిటికీలు పెట్టుకోండ్రి."

మా ఆవిడ కిటికీలు వేసేలోపే నాకు తుమ్ములు మొదలయ్యేవి. కాసేపటికి గోడ అవతల నుంచి, "ఎన్నయినయ్?" అని వినబడేది.

"ఏడండీ," అని మా ఆవిడ వంటింట్లోంచి జవాబిచ్చేది.

"పోయినసారి పదకొండు గద. మిర్చిల కారం తగ్గింది."

మిర్చి పట్టాక గుప్పెడు నూకలు వేసి ఆడించి, ఆ పిండి పారబోసేదాకా ఇంకెవరి గింజలూ ముట్టేది కాదు. తొందరపడేవాళ్లను కూర్చోమనేది. మా ఇంటి సున్నిపిండి ఎంత బరకగా ఉండాలో వేళ్ల మధ్య నలిపి చూసి తనే నేర్చుకుంది. హాస్టళ్ల మెస్సుల నుంచి జొన్నలు వచ్చేవి, పెళ్లిళ్ల ముందు పసుపుకొమ్ములు వచ్చేవి. సాయంత్రం నాలుగు నుంచి ఆ చప్పుడు మా గోడల్లో ఉండేది. ఆదివారం మధ్యాహ్నం అది లేక నాకు నిద్ర పట్టేది కాదు.

నాకు గుండెలో స్టెంటు వేసిన ఏడు ఇదంతా మారింది. సోమాజిగూడ ఆసుపత్రిలో పడుకున్నప్పుడు నన్ను చూడటానికి వచ్చిన ఆఫీసు స్నేహితుడు, పళ్ల సంచి పక్కన పెట్టి, "మీ ఇంట్లో వాన నీళ్లు ఎటు పోతాయి?" అని అడిగాడు. నేల తాగగా మిగిలింది గేటు వైపే అన్నాను. "గేటూ దక్షిణమే, నీళ్లూ దక్షిణానికే. ఇంక ఆరోగ్యం ఎలా నిలుస్తుందండీ? నీళ్లు ఈశాన్యానికి పోవాలి," అన్నాడు. నేను అప్పటిదాకా వాస్తు మాట వస్తే నవ్వేవాణ్ని. ఆ రోజు నవ్వలేదు. భయపడిన మనిషికి ఎవరో ఒకరు ఏదో ఒక దిక్కు చూపిస్తే చాలు.

అతను తన ఇంటి ముందు స్టాంపుడు కాంక్రీటు వేయించుకున్నాడు. డిశ్చార్జి అయ్యాక వెళ్లి చూశాను. కాంక్రీటు పోసి, అది గట్టిపడకముందే రంగు పొడి చల్లి, రబ్బరు అచ్చులు పరిచి అదిమితే రాళ్లు పేర్చినట్టే కనిపిస్తుంది. పైన మెరుపు పూత. వర్షంలో కడిగిన పళ్లెంలా ఉంది. నాకూ అదే కావాలనిపించింది. వాస్తూ కుదురుతుంది, అందమూ వస్తుంది. మా ఆవిడ మాత్రం, "ఇంటికి వస్తున్నామా, హోటలుకి వెళ్తున్నామా తెలియకుండా ఉంటుంది," అంది.

మేస్త్రీ వచ్చి షాబాదు బండలు లేపించాడు. అచ్చుల పుస్తకం చూపించాడు. నేను వంకరటింకర బండల నమూనా మీద వేలు పెట్టాను.

"ఉన్న బండలు తీసేసి బండల బొమ్మ ఏపిస్తున్నవా అన్న?" అన్నాడు.

నేను నవ్వాను. వాలు ఈశాన్యానికి ఇమ్మనేసరికి అతను నవ్వలేదు.

"రోడ్డు దక్షిణం దిక్కున్నది. వాలు గటే ఇస్తే నీళ్లు గేటు కిందికెళ్లి పోతయ్. ఈశాన్యంల గోడున్నది గద. నీళ్లకు వాస్తు తెల్వదన్న. గోడ దాకా పోయి ఆగుతయ్. మూల నుంచి గేటు దాకా కింద గొట్టమన్న వేపియ్యి."

గొట్టం వేస్తే నీళ్లు మళ్లీ దక్షిణానికే వచ్చినట్టు కదా అనుకున్నాను. మూలన నీళ్లు దిగే జాలీ పెడితే నమూనా చెడుతుందనీ అనుకున్నాను. ఈ రెండో సంగతి ఎవరికీ చెప్పలేదు. వద్దన్నాను.

"నీ ఇల్లు, నీ ఇష్టం. జర సోంచాయించు," అన్నాడు. నేను ఆలోచించలేదు. అతని మాటలో గోడ ఎవరిదో కూడా నాకు తెలుసు.

మొదటి పెద్ద వానకు గొడుగు వేసుకుని బయటికి వెళ్లాను. నీళ్లు ఆ ఎర్రటి బండల బొమ్మ మీద జారుకుంటూ, చెప్పినట్టే, ఈశాన్యానికి పోయాయి. గిర్ని గోడకు ఆనుకుని జానెడు లోతు నిలిచాయి. తెల్లారి చూస్తే లేవు. ఎటు పోయాయని నన్ను నేను అడగలేదు. అడిగితే జవాబు తెలుస్తుంది.

ఆ పొద్దున్నే గిర్ని అక్క ప్రహరీ దగ్గరికి వచ్చింది.

"తమ్మీ, గిర్నిల గోడ చెమ్మెక్కింది. కింద సుత నీళ్లొచ్చినయ్. మీ దిక్కు ఏమన్న నిలుస్తున్నయా?"

"లేదక్కా. మా వైపు చుక్క నీరు నిలవడం లేదు."

"గట్లనా. అయితే మోరీ పొంగినట్టున్నది."

లోపలికి వచ్చాక మా ఆవిడ టీ గ్లాసు నా ముందు పెట్టి, "అబద్ధమేమీ చెప్పలేదులెండి," అంది. "ఎటు పోతున్నాయో చెప్పలేదు, అంతే."

అక్క ఆ మురుగుకాలువ గురించి మున్సిపల్ ఆఫీసుల చుట్టూ తిరిగింది. గోడకు లోపల సిమెంటు పూయించింది. బస్తాల కింద పెట్టడానికి ఇటుకలు తెప్పించుకుంటే నేను వెళ్లి మోసిపెట్టాను. "గుండె మనిషివి, నీకెందుకు తమ్మీ," అంటూనే నా వీపు మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి ఇప్పటికీ అక్కడే ఉన్నట్టుంటుంది. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. ఇటుకలు మోశాను కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

ఆ వానాకాలమే ఒక పెళ్లివాళ్ల పసుపుకొమ్ములు తడిసి బూజు పట్టాయి. మోటారులోకి కూడా నీళ్లు వెళ్లాయి. పెళ్లివాళ్లు ఆవిడతో గొడవేమీ పడలేదట. సంచి విప్పి వాసన చూసి, ఏమీ అనకుండా తీసుకుని పోయారట. అదే ఆవిడను కుంగదీసింది.

"పెండ్లి పసుపు పాడు చేసినదాన్నైన తమ్మీ. ఇగ నాతోని గాదు. గిర్ని ఇచ్చేస్త," అంది గోడ మీదుగా.

కొనేవాళ్లు వచ్చి చూసి, మళ్లీ వచ్చి తీసుకుపోవడానికి రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాలూ మెట్రోలో నిలబడి ఏం చెప్పాలో పేర్చుకునేవాణ్ని. స్టేషన్ మెట్లు దిగేసరికి, ఈ వయసులో ఆవిడకూ విశ్రాంతి కావాలిలే, అని ఇంకో మాట దొరికేది. యంత్రాన్ని ట్రాలీలోకి ఎక్కిస్తుంటే మా డాబా మీద నుంచి చూశాను. ఆ సాయంత్రం నాలుగింటికి మా ఇంట్లో ఏ చప్పుడూ లేదు.

మూడు రోజుల తర్వాత, ప్రహరీ దగ్గర కాకుండా, సందు చుట్టి వెళ్లి ఆవిడ గడపలో నిలబడ్డాను. ఆవిడ చేటలో బియ్యం ఏరుతోంది.

"అక్కా, ఆ నీళ్లు మావే."

"ఏ నీళ్లు?"

చెప్పాను. స్నేహితుడి మాట, మేస్త్రీ మాట, గొట్టం వద్దన్నది, ఆ పొద్దున ఆవిడ అడిగితే నేను అన్నది. నమూనా చెడుతుందనుకున్న సంగతి కూడా చెప్పాను. ఆవిడ చేటలో చెయ్యి ఆపి వింది. అయ్యాక ఒక వడ్లగింజ ఏరి గడప అవతల పారేసింది.

"గోడ చెమ్మెక్కితె గిర్ని పోదు సారు," అంది చివరికి. "నేనడిగిన పొద్దే చెప్తే ఇద్దరం కల్సి గొట్టం ఏసుకుంటుంటిమి. గంతే గద పని."

అన్నేళ్లలో ఆవిడ నన్ను సారు అనడం అదే మొదలు. క్షమించమని అడుగుదామని వెళ్లాను. ఆ పిలుపు విన్నాక అడగకుండానే వచ్చేశాను.

మర్నాడే మేస్త్రీని పిలిచాను. కాంక్రీటు కోసే యంత్రం తెచ్చాడు. "వాస్తు మారిందా అన్న?" అన్నాడు. మారిందన్నాను. అతను మూల నుంచి గేటు దాకా కోసి, తవ్వి, గొట్టం వేసి పైన మామూలు సిమెంటు పూశాడు. ఎర్రటి బండల మధ్య బూడిద రంగు పట్టీ. వచ్చినవాళ్లు అదేంటని అడుగుతారు. మొదట్లో ఏదో చెప్పేవాణ్ని, ఇప్పుడు ఉన్నది చెబుతున్నాను. షాబాదు బండలు ఎక్కడికి పోయాయో మేస్త్రీకి కూడా గుర్తులేదు.

తర్వాత వచ్చిన మొదటి వాన పొద్దుటిదాకా కురిసింది. ఆగాక ప్రహరీ అవతల నుంచి, "జర ఇటు రా," అని వినబడింది. తమ్మీ అనలేదు, సారు అనీ అనలేదు. సందు చుట్టి వెళ్లాను.

ఆవిడ గిర్ని షట్టరు ఎత్తి పట్టుకుని నిలబడి ఉంది. నేల పొడిగా ఉంది. యంత్రం ఉన్నచోట బోల్టులు ఊడదీసిన నాలుగు గుంటలు. గోడ పగుళ్లలో తెల్లగా పాత పిండి. ఆ గదిని ఎవరికీ అద్దెకివ్వలేదు, ఎందుకో నేను అడగలేదు.

"చూసుకో," అంది. నేను లోపలికి అడుగు వేయబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"చెప్పులిడిచి రా. గిది గిర్ని."

చెప్పులు విడిచి లోపలికి వెళ్లాను.