వియ్యాలవారి ఊరి ఆయా

ఎవరింటికి వెళ్లినా నా చూపు ముందు వంటింట్లోకి, ఆ తర్వాత బాత్రూములోకి పోతుంది. ఈ బుద్ధికి మా అమ్మ నన్ను చిన్నప్పటి నుంచీ తిడుతూనే ఉండేది. ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యాక ఆ బుద్ధే నాకొక పని తెచ్చిపెట్టింది. వృద్ధాశ్రమాలకు వెళ్లి, అక్కడ పెద్దవాళ్లను ఎలా చూసుకుంటున్నారో పరిశీలించి చెప్పే కమిటీలో నన్ను వేశారు. ఇప్పుడు పరాయివాళ్ల బాత్రూముల్లోకి దర్జాగా తొంగిచూస్తున్నాను. ఎవరూ ఏమీ అనరు, పైగా మజ్జిగ ఇస్తారు.

ఈ పనిలో పడ్డాక నాకు తెలిసొచ్చిందేమిటంటే, "మిమ్మల్ని బాగా చూసుకుంటున్నారా?" అని అడగడం శుద్ధ దండగ. ఇంటికొచ్చిన మనిషితో బాగా లేదని చెప్పే అలవాటు మన పెద్దవాళ్లకు లేదు. జ్వరంతో మూలుగుతూ కూడా "బాగానే ఉన్నానమ్మా, నువ్వు అన్నం తిన్నావా?" అంటారు. అందుకే నేను అడగను. గోళ్లు చూస్తాను, మడమలు చూస్తాను. దుప్పటి కింద చెయ్యి పెట్టి తడి ఉందేమో చూస్తాను. పడుకున్న మనిషికి లైటు స్విచ్చి అందుతుందో లేదో నేనే మంచం మీద పడుకుని చూస్తాను. ఆయా గదిలోకి రాగానే ఆ ముఖాలు ఎలా మారతాయో గమనిస్తాను. చాలా సంగతులు అక్కడే బయటపడతాయి.

మొన్న ఎండాకాలంలో నరసరావుపేట శివార్లలో ఉన్న ఒక ఆశ్రమానికి వెళ్లాను. దాన్ని నడిపే ఆయన అంతకు ముందు మిర్చి కోల్డ్ స్టోరేజీలో మేనేజరుగా చేశాడట. మిర్చి బస్తాలు పేర్చినట్టు మంచాలన్నీ ఒక్క వరసలో ఉన్నాయి గానీ, శుభ్రానికి వంక పెట్టలేం. కూలర్లు తిరుగుతున్నాయి. ప్రతి మంచం పక్కనా నిండుగా నీళ్ల సీసా. వంటింట్లో దోసకాయ పప్పు పొగలు కక్కుతోంది. తప్పు పట్టడానికి ఏమీ దొరక్కపోయేసరికి నాకు కాస్త చిరాకు కూడా వేసింది.

అప్పుడు ఆయన గొంతు తగ్గించి, "ఒక్క కేసుంది మేడమ్. మీరు కూడా ఒక మాటంటే నాకు బలంగా ఉంటది" అన్నాడు.

నాదెండ్ల వైపు నుంచి వచ్చిన పెద్దావిడ గురించి ఆ మాట. భర్త లేడు. ఒక్కతే కూతురు. ఆ పిల్లను రాజుపాలెం దగ్గర ఒక ఊళ్లో ఇచ్చారు. అల్లుడు మంచివాడే, రమ్మన్నాడు. ఈవిడే కూతురి అత్తవారింట్లో ఉండనని పట్టుబట్టి, తనంతట తానే వచ్చి ఈ ఆశ్రమంలో చేరింది. వచ్చినప్పుడు మనిషి గట్టిగానే ఉండేదట. ఈ ఎండాకాలంలోనే రెండుసార్లు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చి ఆసుపత్రి పాలైంది. మధ్యమధ్యలో మనుషుల్ని గుర్తుపట్టడం లేదు, ఏదేదో మాట్లాడుతోంది.

"మతి తప్పినోళ్లని పెట్టుకునే ఏర్పాటు మా దగ్గర లేదు మేడమ్. అల్లుడికి ఫోన్ చేశా. ఆదివారం వచ్చి తీసుకుపోతానన్నాడు."

"ఆవిడ ఏమంటోంది?"

"ఏమంటది? తెలివిలో ఉన్నప్పుడు ఒకటే మాట. ఆ ఇంటికి మాత్రం పంపొద్దు, కావాలంటే నన్ను తీసుకుపోయి కాలవలో పారెయ్యండి అంటది."

ముసలివాళ్ల ఒంట్లో నీళ్లు తగ్గి ఆ ఇన్‌ఫెక్షన్ వస్తే మతి తప్పినట్టే ఉంటుంది. అది తగ్గితే చాలామంది తేరుకుంటారు. ఆసుపత్రిలో ఎన్నో కేసులు చూశాను. అయితే పక్కనే సీసా నిండా నీళ్లు పెట్టుకుని ఒంట్లో నీళ్లు ఎందుకు తగ్గాయి? ఇది తేలకుండా అక్కడి నుంచి కదలబుద్ధి కాలేదు.

ఆవిడ గదికి వెళ్లేసరికి టీల వేళ. గుమ్మంలోనే ఆగిపోయాను. ఆయా కుర్చీలో కూర్చుని ఉంది. ఆ పెద్దావిడ ఒక చేత్తో గోడ పట్టుకుని నిలబడి, తన గ్లాసులోని టీ సగం ఇంకో గ్లాసులో పోసి ఆయాకి అందిస్తోంది. సేవ చేయాల్సిన మనిషి కూర్చుంది, చేయించుకోవాల్సిన మనిషి నిలబడింది! నాకసలే ముక్కు మీద కోపం. ఆయాని బయటికి పిలిచి దులిపేశాను.

ఆ అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది. "నేను కూర్చోకపోతే ఆమె కూర్చోదు మేడమ్. నేను టీ తాగకపోతే ఆమె గ్లాసు ముట్టదు. మొదట్నుంచీ అంతే. నేను ఒంటి మీద చెయ్యెయ్యబోతే, వద్దులేమ్మా నువ్వు కూర్చో అంటది. ఎందుకో నాకూ తెలవదు."

నిజం చెబుతోందో, నాటకమాడుతోందో తేల్చుకోలేకపోయాను. ఉతికిన చీరలు తెమ్మని ఆయాని డాబా మీదికి పంపి, లోపలికి వెళ్లి ఆవిడ పక్కన మంచం మీద కూర్చున్నాను. ఆ రోజు మాట తెలివిగానే ఉంది. పెదాలు ఎండి పగిలాయి. మెడ కింద చర్మం పట్టి వదిలితే అలాగే నిలబడిపోయింది.

"నీళ్లెందుకు తాగవు పెద్దమ్మా?"

"దాహమవదమ్మా" అంది. నేను నమ్మలేదు.

మెట్ల మీద ఆయా అడుగుల చప్పుడు పైకి వెళ్లిపోయింది. అంతే, ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "తల్లీ, నువ్వెవరో నాకు తెలవదు. ఆ అమ్మి వచ్చేలోగా నన్ను బాత్రూముకి తీసుకపోతావా?"

ఎవరో తెలియని నన్ను అడుగుతోంది! రోజూ పక్కనుండే మనిషిని ఎందుకు అడగదు? నడుం పట్టుకుని తీసుకెళ్లి కూర్చోబెట్టాను. పాపం, పొద్దుటి నుంచి బిగపట్టుకుని ఉన్నట్టుంది. అయ్యాక కడిగి, చీర సరిచేస్తూ అదే మాట అడిగాను.

"ఆ అమ్మిది మా వియ్యాలోరి ఊరమ్మా" అంది.

నాకు వెంటనే బుర్రకెక్కలేదు.

"మా అమ్మాయినిచ్చిన ఊరు. వాళ్ల వీధి పక్క వీధేనంట. ఆ ఊరి మనిషి నా గడపకొస్తే కాళ్లకి నీళ్లిచ్చి కూర్చోబెట్టాల. అట్టాంటిది ఆ పిల్ల చేత నా ఒళ్లు కడిగించుకోమంటావా? మంచి పిల్లే, ఎక్కడా అనదు. అయినా నేనెట్టా అడుగుతా? మా అమ్మాయి ఆ ఊళ్లో తలెత్తుకుని తిరగొద్దా? నీళ్లు తాగితేనే గదా ఈ బాధంతా. తాగకపోతే పోయె."

ఆసుపత్రిలో అన్నేళ్లు చేసి రోగులు మందులు పారెయ్యడం చూశాను, సూది అంటే పారిపోవడం చూశాను. మర్యాద కోసం మనిషి దాహాన్ని చంపుకోవడం మాత్రం అప్పుడే చూశాను. ఆ దాహం వల్లే ఇన్‌ఫెక్షన్, దానివల్లే మతి తప్పడం, మతి తప్పితే ప్రయాణం నేరుగా ఆ వియ్యాలవారింటికే. ఏ ఇంటి ముందు పలచన కాకూడదని ఆవిడ నీళ్లు మానేసిందో, ఆదివారం ఆ ఇంటి మంచం మీదే పడబోతోంది.

ఆ ఆయాని ఆవిడకు ఎవరు వేశారని నిర్వాహకుణ్ని నిలదీశాను.

"నేనే మేడమ్! కూతురి ఊరి మనిషైతే సొంతింట్లో ఉన్నట్టుంటది, కబుర్లు తెలుస్తాయి, ప్రేమగా చూసుకుంటదని కావాలనే వేశా" అన్నాడు గర్వంగా.

ఆవిడ చెప్పింది చెప్పాను. ఆయన నెత్తి కొట్టుకున్నాడు. "మా అత్తగారు మా ఇంటికొస్తే నేనుండంగా దగ్గడానికి కూడా మొహమాటపడేది మేడమ్. ఇది నాకు తట్టాలి గదా!" అన్నాడు. తట్టాలి. నాకూ తట్టాలి. మేమిద్దరం ఈ పల్నాట్లోనే పుట్టి పెరిగినవాళ్లం, వియ్యాలవారి మర్యాదలు తెలియనివాళ్లం కాదు. అయినా వృద్ధాశ్రమం అనగానే ఆ మర్యాదలు గేటు బయటే ఉండిపోతాయని అనుకున్నాం.

ఆ సాయంత్రమే గురజాల వైపు నుంచి వచ్చిన ఒక నోరున్న ఆయాని ఆవిడకు మార్చారు. డాక్టరు మందులు రాశాడు. నేను అక్కడే కూర్చుని, ఆదివారం ప్రయాణం ఆపమని అల్లుడికి ఫోన్ చేయించాను. ఇన్‌ఫెక్షన్ తగ్గాక కూడా మతి అలాగే ఉంటే అప్పుడు చూద్దామన్నాను. పైకి ధీమాగా అన్నాను గానీ, లోపల భయంగానే ఉంది.

వానలు మొదలయ్యాక మళ్లీ వెళ్లాను. వరండాలో చెప్పులు విడుస్తుండగానే లోపల్నుంచి కేక వినిపించింది.

"ఏమే! ఎక్కడ చచ్చావే? పిలిచి పిలిచి గొంతు పోతంది. ఇంకాసేపైతే మంచం తడుస్తది, రావే!"

"వస్తన్నా ముసలీ, ఆగు! నీ అరుపులకి పై కప్పు లేచిపోయేట్టుంది" అంటూ గురజాల ఆయా పరిగెత్తింది.

నిర్వాహకుడు సిగ్గుపడిపోయాడు. "చానా మోటుగా మాట్లాడతది మేడమ్, ఏమనుకోబాకండి. మతి మాత్రం పూర్తిగా కుదురుకుంది. అల్లుడు వచ్చి చూసి, ఇక్కడే ఉండనీండి అని చెప్పి పోయాడు."

నేనేమనుకుంటాను? ఎన్నో ఆశ్రమాలు తిరిగాను గానీ అంత మంచి కేక ఎక్కడా వినలేదు. నాకు పట్టరాని సంతోషం కలిగింది.

పక్క గదిలో పాత ఆయా దుప్పట్లు మడుస్తోంది. ఆ రోజు దులిపేసినందుకు ఏమీ అనుకోవద్దన్నాను. "అయ్యో, అదేం లేదు మేడమ్" అంది. ఊరికి వెళ్లినప్పుడు పెద్దావిడ కూతురు అడిగితే, మీ అమ్మ తన పనులు తనే చేసుకుంటోందని చెప్పి వస్తోందట.

గోడవతల నుంచి ఇంకో తిట్టు, దాని వెనకే ఇద్దరి నవ్వులూ వినిపించాయి. ఆ అమ్మాయి దుప్పటి మడత ఆపి వింది.

"అన్ని నెలలు చేశా మేడమ్" అంది. "నన్ను ఒక్కసారన్నా ఏమే అనలేదు."