చివరి జానెడు నేసింది నేను కాదు

ఇన్నేళ్లూ ఈ మాట ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

నర్సింలూ నేనూ నారాయణపేటలో ఒకే వీధిలో పెరిగాం. ఇద్దరివీ నేతవాళ్ల ఇళ్లే, కానీ మా బాపు మగ్గం మానేసి బట్టల కొట్లో గుమాస్తాగా చేరాడు. నిజాం రోజుల్లో పై చదువంటే హైదరాబాదే, అదీ ఉర్దూలోనే. అక్కడి ఒక కాలేజీలో మా బడికి ఒక్క ఉచిత సీటు ఇస్తామన్నారు. మేమిద్దరం దరఖాస్తు పెట్టాం. దరఖాస్తుతో పాటు ఎవరి గురించి వాళ్లు వ్యాసం రాసివ్వాలి. అదంతా ఒకే సంగతి చుట్టూ తిరగాలని మా సారు చెప్పారు. నా బతుకులో అలాంటి సంగతి ఏముంది? తిన్నాను, చదివాను, పడుకున్నాను. ఎంత తవ్వినా ఇంతే.

నర్సింలుకు ఉంది. చీర సగం మగ్గం మీద ఉండగానే వాళ్ల నాయిన పోయాడు. అలా జరిగితే మా వీధివాళ్లు తలా జానెడు నేసి ఆ చీర ముగిస్తారు. చివరి జానెడు కొడుకుది. అప్పటికి వీడికి మగ్గం కింద తొక్కే కర్రలకు కాళ్లు కూడా సరిగా అందేవి కావు. అంచు వంకరపోయింది. ఆ చీరను వాళ్లమ్మ అమ్మలేదు, కట్టుకోలేదు. వాడికి ఉర్దూ అంతంతమాత్రం కనుక ఇదంతా నాకు చెప్పి, మాటలు సరిచేయమన్నాడు. సరిచేశాను. ఇంటికెళ్లి అదే నా వ్యాసంగా రాసుకున్నాను. మా బాపు బతికే ఉన్నాడు కాబట్టి, పోయింది కొడుకుల్లేని మేనమామ అనీ, చివరి జానెడు నేనే నేశాననీ రాశాను. తెలియక చేశానా? తెలిసే చేశాను.

కాలేజీలో ముందు నన్ను పిలిచారు, మెచ్చుకున్నారు. నా తర్వాత వెళ్లిన నర్సింలును, నా మేనమామ కథ ఎత్తి రాశాడని, దొంగ అన్నారు. ఆ మాట బయట కూర్చున్న నాకు వినిపించింది. లేచి లోపలికి వెళ్లలేదు. భయమా? కాదు. సీటు కావాలి.

వాడు బయటికొచ్చి ఒక్కటే అడిగాడు.

"మా నాయిన నీకు మామ ఎప్పుడైండురా?"

"రాయనీకి నాకేం దొరకలేదురా."

"నన్నడిగితే నీకింకోటి చెప్తుంటి గదరా!"

వాడు మగ్గానికే పోయాడు. నేను చదివి కొలువులో చేరాను. ఎవరు నా గురించి అడిగినా ఆ చీర కథే చెప్పాను. నా పిల్లలు ఆ మామను తలచుకుని కళ్లు తుడుచుకున్నారు. వెళ్లి వాడి ముందు నిలబడాలని ఎన్నిసార్లో అనుకున్నాను. తీరా వెళ్లేసరికి వాళ్లు ఊరు విడిచిపోయారు. ఎక్కడికో ఎవరూ చెప్పలేకపోయారు.

నాకసలు మేనమామే లేడు. ఇది రాశాక గుండె కాస్త తేలికైంది, అంతకు మించి ఏమీ మారలేదు. నర్సింలును చూడాలని ఉంది. నోటికొచ్చినట్టు తిట్టినా సరే, వాడి గొంతు ఒక్కసారి వినాలని ఉంది.