పదహారు శీర్షికల పాట

కిట్వేలో గని పనులకు కుర్రాళ్ళను తయారుచేసే కళాశాల ఒకటుంది. అక్కడ రసాయనాల పాఠం చెప్పే నముకోండా మేడమ్‌కు ఊరంతా పేరు. ఊరికే వచ్చిందా ఆ పేరు? ప్రతి రసాయనం డబ్బాతోపాటు ఒక భద్రతా పత్రం వస్తుంది, అందులో పదహారు భాగాలు. మేడమ్ చర్చిలో పాడే మనిషి కదా, ఆ పదహారు శీర్షికలకూ వరస కట్టి పిల్లల చేత పాడించేది. తనిఖీకొచ్చిన అధికారులు సైతం కాళ్ళతో తాళం వేసేవారు. అసలు పత్రం మాత్రం ప్రిన్సిపాల్ గది గోడకు, అద్దం చట్రంలో వేలాడేది. పద్దెనిమిదేళ్ళలో దాన్ని ఏ పిల్లవాడి చేతికీ ఇచ్చిన పాపాన పోలేదు.

ఆమె శిష్యుల్లో నూటికి నూరు తెచ్చుకున్నవాడు చిసెంగా. చదువు ముగించి గని వర్క్‌షాపులో పనికి చేరి మూడు నెలలైనా కాలేదు, కాస్టిక్ సోడా గుండ బకెట్లో పోసి దానిమీద నీళ్ళు కుమ్మరించాడు. అది సలసల మరిగి ఎగిరి చేతులమీద, మొహంమీద పడింది. ఎడమ కన్ను పోయింది.

వర్క్‌షాపు మేనేజరు కాగితం పట్టుకుని కళాశాలకు వచ్చాడు.

"అన్నీ నేర్పాం, నిర్లక్ష్యం కుర్రాడిదే అని రాసుంది. ఒక్క సంతకం పడెయ్యండి మేడమ్. మీ పేరుకీ మచ్చ రాదు."

సంతకం పెడితే చిసెంగా ఉద్యోగం ఊడుతుంది. ఆ ముద్ర పడ్డవాణ్ణి కిట్వేలో ఇంకెవడూ పనిలో పెట్టుకోడు. ఆమె కాగితం సంచిలో పెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళింది. తప్పు నాదేనని వాడి నోటే వింటే కలం తేలిగ్గా కదులుతుందని లోపల ఆశ. ఛీ, ఎంత సిగ్గుమాలిన ఆశ!

అడక్కముందే అన్నాడు వాడు.

"తప్పు నాదే మేడమ్. మీరేం తక్కువ నేర్పారా?" అంటూ కట్ల మధ్యనుంచే పదహారూ పాడేశాడు. పక్క మంచాలవాళ్ళు భలే భలే అన్నారు.

"ఏడో భాగం ఏంట్రా నాయనా?"

"వాడే పద్ధతి, నిల్వ!" వాడు తడుముకోలేదు.

"దాని కింద ఏం రాసుంటుంది?"

వాడు తెల్లబోయాడు. "కిందా? కింద కూడా ఏమైనా ఉంటుందా మేడమ్?"

ఆమెకు తల కొట్టేసినట్టయింది. నీళ్ళలో గుండ కొంచెం కొంచెంగా వెయ్యాలి, గుండమీద నీళ్ళు పొయ్యకూడదు. ఆ ముక్క అక్కడే ఉంటుంది. ఒక్క వాక్యం!

అంతలో వాడి తల్లి అన్నం గిన్నెతో వచ్చింది. మేడమ్‌ను చూడగానే గిన్నె దించి, పెద్దలకు అక్కడ చేసే మర్యాద ప్రకారం నేలమీద మోకరిల్లి, దోసిళ్ళతో మెల్లగా చప్పట్లు కొడుతూ దండం పెట్టింది. ఆవిడ మేడమ్‌కన్నా పదేళ్ళు పెద్దది.

"ఇంత దూరం వచ్చారా తల్లీ! మీలాంటి పంతులమ్మ దొరకడం మావాడి అదృష్టం. వాడి తొందరే వాణ్ణి ముంచింది."

భూమి చీలినా బాగుండుననిపించింది నముకోండాకు. తనూ ఆ నేలమీదే మోకరిల్లింది. కాగితం తీసి, మేనేజరు రాసిందంతా కొట్టేసి, కింద రాస్తూ పైకే చదివింది.

"ఈ అబ్బాయికి నేను పేర్లు పాడటం నేర్పాను. పత్రం చదవడం నేర్పలేదు. నా దగ్గర చదివిన ఎవరికీ నేర్పలేదు."

సంతకం పెట్టింది.

తల్లి చప్పట్లు ఆగిపోయాయి. ఆవిడ కొడుకు కంటిమీది కట్టు వైపు చూసింది, తర్వాత మేడమ్ వైపు చూసింది.

"అమ్మా," అన్నాడు చిసెంగా, "మేడమ్‌ని ఏమీ అనకే."