కొత్తకోట మగ గుర్రం, మా నూరి నుదుటి సుడి

కాగితం చేతిలో పెడితే నాకు ముందు అనుమానం వస్తుంది, ఆ తర్వాతే అక్షరాలు కనిపిస్తాయి. చిట్యాలలో ఇరవై రెండేళ్లుగా దస్తావేజులు రాస్తున్నాను. అమ్మేవాడి ముఖం ఎంత అమాయకంగా ఉంటే అన్ని లింకు డాక్యుమెంట్లు అడుగుతాను. అందుకే పోయినేడు ఫాల్గుణంలో మా బావ యాదగిరి తన ఆడగుర్రాన్ని జతకట్టించడానికి కొత్తకోట దగ్గరున్న ఒక మగ గుర్రం దగ్గరికి తీసుకుపోతానన్నప్పుడు, అక్క నన్ను కూడా వెంట తోలింది. "మీ బావ గుర్రం కనవడితే కండ్లు మూసుకుంటడు. నువ్వన్న తెరిచి చూడు తమ్మీ," అంది. రేసు జాతి గుర్రాన్ని లారీలో ఎక్కించుకుని ఈ దారిన పోయేవాళ్లు ఎక్కువమంది ఉండకపోవచ్చు. ఉన్న ఆ కొద్దిమందికైనా పనికొస్తుందని ఆ రోజు సంగతి వరసగా రాస్తున్నాను.

ముందు మా బావ గురించి చెప్పాలి. ఆయన పద్దెనిమిదేళ్లు హైదరాబాదులో రేసు గుర్రాల సాయీసుగా పనిచేశాడు, అంటే గుర్రాన్ని కడిగి, మేపి, నడిపించి, దాని పక్కనే పడుకునే మనిషి. ఆయన చేతిలో ఆరేళ్లున్న ఎర్రగోధుమ రంగు గుర్రం పేరు మెహఫిల్. అది పరుగు మానేసి, పిల్లలను కనడానికి వేరే రాష్ట్రంలోని ఫారానికి వెళ్లిపోయాక బావకు ఆ పని మీద మనసు విరిగింది. మా ఊరొచ్చి బత్తాయి తోట పెట్టుకున్నాడు. ఐదేళ్ల కింద, పెళ్లి ఊరేగింపులకు గుర్రాలను కిరాయికిచ్చే ఒక వ్యాపారి, మెహఫిల్ బిడ్డ అంటూ అదే రంగు ఆడగుర్రాన్ని ఒకదాన్ని చూపించాడు. కాగితంలో పేరు నూర్ మెహఫిల్, మా ఇంట్లో నూరి. బావ బెల్లం ముక్క పెడితే అది మెహఫిల్ లాగే ముందు అరచెయ్యి వాసన చూసి, తర్వాత తిన్నదట. ఆయనకు అంతే చాలు. నాకు మాత్రం చాలదు కదా! రేసు గుర్రాలకు ఉండే పాస్‌పోర్టు పుస్తకం తెప్పించి ముద్రలు, సంతకాలు, పేజీ నంబర్లు, తల్లి పేరు, తల్లి తండ్రి పేరు అన్నీ సరిచూసి, కొనమని చెప్పింది నేనే.

రెండేళ్ల తర్వాత మెహఫిల్ చనిపోయిందని పాత స్నేహితుడెవరో ఫోన్ చేశాడు. బావ రెండు రోజులు అన్నం తినలేదు. అప్పటి నుంచి ఒకటే పట్టు: మెహఫిల్ రక్తం నిలవాలి, నూరికి ఒక్క పిల్లైనా పుట్టాలి. నూరికి పన్నెండేళ్లు. ఆ వయసులో తొలిచూలు కష్టమని, కాన్పులో ఏమైనా కావచ్చని పశువుల డాక్టరు ముందే చెప్పాడు. అక్క భయం అదే. బావకూ భయమే, కానీ మెహఫిల్ పేరెత్తితే ఆ భయం ఎటో పోయేది.

మగ గుర్రం ప్రకటన వాట్సాప్‌లో వచ్చింది. పేరు తూఫాన్ రాజా. తండ్రి ఎవరు, తల్లి తండ్రి ఎవరు, ఎన్ని పందేలు గెలిచింది, ఏ వంశంలో ఎంత దూరపు పరుగు ఉంది అని గొప్పగా రాసి ఉంది. మూడు ఫొటోలు పెట్టారు. మూడింటిలోనూ గుర్రం ఎడమ వైపే కనిపిస్తోంది. కుడి వైపు ఎందుకు లేదు? దాంతో నా మనసు కీడు శంకించింది. నాలుగు రోజులు వీడియోలు చూసి ఒక సంగతి నేర్చుకున్నాను. గుర్రం ఒంటి మీద వెంట్రుకలు తిరిగే సుడులు మనిషి వేలిముద్రల్లాంటివి, పుట్టినప్పుడు ఎక్కడుంటే చచ్చేదాకా అక్కడే. పాస్‌పోర్టులో బొమ్మ గీసి మరీ గుర్తు పెడతారు. ఫారం వాళ్లను అడిగి తూఫాన్ రాజా బొమ్మ పేజీ తెప్పించుకుని, ప్రింటు తీసి జేబులో పెట్టుకున్నాను.

తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరాం. డీసీఎం లారీ కిరాయి రానూపోనూ పదకొండు వేలు, టోల్ ఖర్చు మాదే. కింద వరిగడ్డి మందంగా పరిచి, నూరిని ముందుకు ముఖం పెట్టి కట్టి, బావ దాని పక్కనే నిలబడ్డాడు. నేను డ్రైవర్ జహంగీర్ పక్కన కూర్చున్నాను. దేవరకొండ, కల్వకుర్తి మీదుగా పోతే దగ్గరేమో అని అడిగాను.

"దగ్గరే గానీ సార్, గా రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్లు శానున్నయ్. గుర్రం కాళ్లు గుంజుతయి. రింగురోడ్డు మీదికెళ్లి పోదాం, ఫికర్ చేయకుండ్రి," అన్నాడు.

కిలోమీటర్లు పెంచుకోవడానికేమో అనుకున్నాను. కానీ కిరాయి ముందే మాట్లాడుకున్నదే. అనుమానం రావడానికి నాకు కారణం అక్కర్లేదని మా అక్క ఊరికే అనదు. పెద్ద అంబర్‌పేట దగ్గర రింగురోడ్డు ఎక్కేసరికి ఆరున్నర, శంషాబాద్‌లో దిగేసరికి ఏడుంబావు. నలభై దాటనివ్వకుండా నడిపితే జడ్చర్లకు తొమ్మిదయింది. అక్కడ రోడ్డు పక్క హోటల్లో ప్లేటు ఇడ్లీ నలభై, చాయ పదిహేను. నూరికి బకెట్లో నీళ్లు పెట్టి అరగంట ఆగాం. చాయ పోసే ఆమె లారీలోకి తొంగి చూసి, "పెండ్లికా?" అని అడిగింది.

"అవునమ్మా, దీని పెండ్లికే," అన్నాడు బావ. ఆయన అంత సంతోషంగా ఉండగా చూసి చాలా ఏళ్లయింది.

భూత్పూర్ దాటాక రోడ్డుకు రెండు వైపులా పీకి కుప్పలేసిన పల్లికాయ, అక్కడక్కడ ఎర్రగా పూసిన మోదుగులు. పదకొండింటికి కొత్తకోట చేరి, ఊరు దాటి కుడి వైపు ఐదు కిలోమీటర్ల మట్టిరోడ్డు పోతే ఫారం వచ్చింది. వర్షాకాలంలో ఆ ఐదు కిలోమీటర్లూ నమ్మకండి. ఫారం హైదరాబాదు ఆసామిది. నడిపేది కుర్మయ్య, అరవై ఏళ్ల పల్లి రైతు, తెల్ల ధోతి మీద రబ్బరు బూట్లు.

"నల్లగొండ దిక్కుకెళ్లి వచ్చిండ్రా? జర కూసోండ్రి. గుర్రం అలిసింది, మొదలు దాన్ని నీడకు కట్టుదాం," అన్నాడు.

మర్యాద ఎక్కువైతే నాకు అక్కడా అనుమానమే. గంట తర్వాత అతను ఒక గుర్రాన్ని నడిపించుకొచ్చాడు. పొట్టిది, బూడిద రంగు, ఎముకలు లెక్కపెట్టొచ్చు. దొంగ దొరికాడనుకుని ప్రింటు తీసి లేచాను. "బావా, ఫొటోల ఉన్నది ఇది కాదు! లే, పోదాం."

బావ తల పట్టుకున్నాడు. కుర్మయ్య నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఇది రాజా కాదు సారూ. మీ గుర్రం ఎదకొచ్చిందా లేదా అని దీన్ని పక్కకు తెచ్చి చూస్తం. అది కాలు ఇసిరితే దీనికి తగలాలె గానీ రాజాకు తగలొద్దు. దీని పని గంతే, పాపం." నూరి కాలు విసరలేదు. చెవులు ముందుకు పెట్టి నిలబడింది. ఆ బూడిద గుర్రాన్ని వెంటనే వెనక్కి లాక్కుపోయారు. దాని ముఖం చూస్తే నాకే జాలేసింది.

తర్వాత తూఫాన్ రాజా వచ్చింది. ఎండలో దాని వీపు మెరుస్తుంటే రెండడుగులు వెనక్కి జరిగి మళ్లీ చూశాను, ఒప్పుకుంటున్నాను. కానీ నా ప్రింటు నా చేతిలో ఉంది. నుదుటి సుడి సరిపోయింది. ఎడమ వెనక కాలికి తెల్ల మచ్చ సరిపోయింది. కుడి వైపుకు పోయి చూస్తే, మెడ మీద సుడి ఉండాల్సిన చోట రూపాయి బిళ్లంత కాలిన మచ్చ.

"ఇక్కడ సుడి ఏది?" అన్నాను గట్టిగా.

కుర్మయ్య నవ్వు పోయింది. "కాల్చిండ్రు సారూ. నేను రాక ముందు ఉన్నోడు. ఊర్లకెళ్లి గుర్రాలు తెచ్చేటోళ్లు గా సుడి చూసి అచ్చిరాదని వాపస్ పోతున్నరని, సలాక కాల్చి పెట్టిండు. కాగితంల బొమ్మ ఉంటదని వానికి తెల్వదు. గందుకే ఫొటోలు గీ దిక్కు తీయం. నాకు సిగ్గయితది." అతను చెయ్యి పెడితే ఆ మచ్చ దగ్గర గుర్రం ఇప్పటికీ మెడ పక్కకు తిప్పుకుంది.

నమ్మకపోతే ఇది చూడమని ఒక చిన్న యంత్రం తెచ్చాడు. రేసు గుర్రాలకు మెడ ఎడమ పక్క చర్మం కింద బియ్యపు గింజంత చిప్పు పెడతారట. యంత్రం కీచుమన్నది, నంబరు వచ్చింది. పాస్‌పోర్టుతో ఒక్కో అంకె పోల్చాను. అన్నీ సరే. నాకు కొంచెం నిరాశ కలిగిందంటే నవ్వకండి.

"మాది అయింది. ఇగ మీది ఇయ్యుండ్రి," అన్నాడు కుర్మయ్య చెయ్యి చాపి.

నూరి పుస్తకం ఠీవిగా ఇచ్చాను. నేను చదివి పాస్ చేసిన పుస్తకం అది. అతను బొమ్మ పేజీ తెరిచి, నూరి నుదుటి మీది జూలు పైకెత్తి చూశాడు. పుస్తకం చూశాడు. మళ్లీ నుదురు చూశాడు. "బొమ్మల నుదుటికి రెండు సుడులున్నయి. దీనికి ఒక్కటే ఉంది," అని మెల్లగా అని, యంత్రం మెడకు ఆనించాడు. కీచుమన్నది. నంబరు వేరే.

నేను మూడుసార్లు చదివాను. ఐదేళ్ల కింద ఆ పుస్తకంలో ముద్రలు చూశాను, సంతకాలు చూశాను, పక్కనే కట్టేసి ఉన్న గుర్రం జూలు ఎత్తి చూడలేదు. నా వృత్తి అంతా అలాగే గడిచింది: కాగితం చూస్తాను, భూమి దగ్గరికి పోను. బావ ముఖం చూడలేకపోయాను.

"అంటే ఇది మెహఫిల్ బిడ్డ కాదా?" అన్నాడు బావ.

"కాగితంల ఉన్న బిడ్డ ఇది కాదన్నా," అన్నాడు కుర్మయ్య. "జతకట్టించినట్టు నేను సర్టిఫికెట్ రాసియ్యలేను, రాస్తే తప్పయితది. కాగితం లేకుండ పిల్ల చాలంటే జతకట్టిస్త. ఎదకైతే వచ్చింది. అంత దూరం వచ్చిండ్రు."

బావ జేబులోంచి బెల్లం ముక్క తీసి నూరికి పెట్టాడు. అది ఎప్పటిలాగే ముందు అరచెయ్యి వాసన చూసింది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "మెహఫిల్ కోసమని దీని పానం పణంగ పెట్టిన బామ్మర్దీ. దీనికి మెహఫిల్ ఎవరో గూడ తెల్వదు. ఇంత దూరం ఏమనకుండ నా ఎనక వచ్చింది," అన్నాడు. కుర్మయ్య వైపు తిరిగి, "వద్దే అన్నా. ఇంటికి తోల్కపోత," అన్నాడు.

కుర్మయ్య మాకు జొన్నరొట్టె, పల్లి పొడి పెట్టి, చిప్పు నంబరు చీటీ మీద రాసిచ్చి, దాన్ని రేసు గుర్రాల లెక్కలు రాసిపెట్టే ఏ ఆఫీసుకు పంపాలో చెప్పాడు. దారి పొడుగునా నేను క్షమాపణ చెబుతూనే ఉన్నాను. బావ వినిపించుకోలేదు. చీటీ పంపితే దొంగ గుర్రమని తేలి ఎవరైనా నూరిని తీసుకుపోతారేమోనన్న భయం ఒక్కటే ఆయనకు. అయినా మర్నాడే పంపాడు. "నా లెక్కనే ఎవడన్న దీని కోసం చూస్తుంటే?" అన్నాడు.

నెల తర్వాత జవాబు వచ్చింది. నూరి దొంగ గుర్రం కాదు. ఒకే రంగు, ఒకే వయసు ఆడగుర్రాలు రెండు ఒకే రోజు ఒకే వ్యాపారికి అమ్ముడుపోయాయి. పుస్తకాలు తారుమారయ్యాయి. ఇంత కాలం నేను అవతలివాళ్ల వైపే వేలు చూపిస్తూ బతికాను. అసలు చూడాల్సింది నా చేతిలో ఉన్నదాన్ని. కాబట్టి ఈ దారిన వెళ్లేవారికి నేను చెప్పగలిగింది ఒకటే: బండి మాట్లాడుకునే ముందు పాస్‌పోర్టు బొమ్మ పేజీ తెరిచి, మీ సొంత గుర్రం నుదుటి జూలు పైకెత్తి సుడులు లెక్కపెట్టండి, దగ్గర్లోని పశువుల డాక్టరుతో చిప్పు చదివించండి. నూరికి అసలు పేరు వేరే ఉందని తెలిసినా మేం నూరి అనే పిలుస్తున్నాం. మెహఫిల్ బిడ్డ మాత్రం నూరి పుస్తకంతో ఎక్కడో ఏ పెళ్లికొడుకునో మోస్తూ ఉంది. ఈ పెళ్లిళ్ల కాలంలో ఎర్రగోధుమ గుర్రం కనబడితే చాలు, మా బావ బ్యాండు మేళం మధ్యలోకి వెళ్లి, పూలదండలు పక్కకు జరిపి, దాని నుదుటి జూలు ఎత్తి చూస్తున్నాడు.